గళమే జీవికయైనవారు

మన పాఠశాల వార్షికోత్సవమున నాటకప్రదర్శనము జరిగినప్పుడెల్ల శ్రావ్యమైన కంఠముగల బాలునిచేతనో బాలికచేతనో పద్యములు పాడించుట పరిపాటి. పద్యము ముగియగానే సభలోని పెద్దలు కరతాళధ్వనులు చేయుదురు. మరునాడు ఆ పెద్దలే ఆ బాలుని పిలిచి, "పాట కూడు పెట్టునా? బుద్ధిగా చదువుకొనుము" అని హెచ్చరింతురు. రెండు పనులును ప్రేమతో చేసినవే. కాని రెండవది ప్రశ్నరూపమున నున్నది. ప్రశ్న యన్నపిదప దానికి సమాధానము వెదకుట విద్యార్థుల ధర్మము, ఉపాధ్యాయుల ధర్మము.

పాట కూడు పెట్టునా? పెట్టినచో ఎట్లు పెట్టును? ఎంతకాలము పెట్టును? ఈ ప్రశ్నలకు ఊహలతో గాక ఒక దృష్టాంతముతో సమాధానము చెప్పదలచితిని. 1946వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు పల్లెపట్టున ఒక ఒపేరా ప్రదర్శింపబడినది. అందు పాడిన గాయకులు ఏ పనులు విడిచి రంగస్థలమునకు వచ్చిరో, తరువాత ఏమైరో, వారి జీవితచరిత్రలలో వివరముగా లభించుచున్నది. కావుననే దూరదేశపు కథ నెత్తుకొంటిని.

ముందుగా ఒపేరా యన నేమో తెలిసికొందము. అది సంగీతమయమైన నాటకము. మన పద్యనాటకములో నటుడు వచనమును పలుకుచు, సందర్భము వచ్చినపుడు పద్యమును రాగయుక్తముగా పాడును. ఒపేరాలో ప్రాయికముగా వచనము లేదు. ఉత్తరము చదువుట, తలుపు తీయుమనుట, విలపించుట, అన్నియు పాటయే. మన నటునకు హార్మోనియము శ్రుతి నిచ్చి వెంబడి నడచును. పద్యాంతమున రాగము నెంతసేపు సాగింపవలెనన్నది నటుని యిష్టము. సభ "వన్స్ మోర్" అన్నచో అతడు మరల పాడును. ఒపేరాలో ప్రతి స్వరమును, దాని కాలపరిమాణమును స్వరకర్త ముందుగనే వ్రాసియుంచును. గాయకుడు వాద్యబృంద నాయకుని చేతికర్ర కదలికను గనిపెట్టుచు, నటించుచు, పాడవలెను. ధ్వనివర్ధకయంత్రము నాశ్రయింపక, వాద్యముల మ్రోతను దాటి కట్టకడపటి వరుసలోని శ్రోతకు మాట వినిపింపవలెను. ఇందులకు ఊపిరిని అదుపున నుంచు సాధన యేండ్ల తరబడి చేయవలసియుండును.

ఇంకొక విశేషము. అచట పాత్రలు ముఖ్యముగా కంఠస్థాయినిబట్టి లభించును. స్త్రీల కంఠములలో హెచ్చుస్థాయి గలది సొప్రానో, నడిమిది మెజోసొప్రానో, మంద్రమైనది కాంట్రాల్టో. పురుషులలో హెచ్చుస్థాయి టెనార్, నడిమి స్థాయి బారిటోన్, తగ్గుస్థాయి బాస్. టెనార్ కొరకు వ్రాసిన పాత్రను బాస్ గాయకుడు పాడజాలడు. కాంట్రాల్టోల కొరకు వ్రాయబడిన ప్రధానపాత్రలు మిక్కిలి తక్కువ. కావున ప్రకృతి యిచ్చిన గొంతే గాయకుల జీవికకు పరిధిని నిర్ణయించుచున్నది.

ఇక కథాస్థలమునకు వత్తము. ఇంగ్లండు దక్షిణభాగమున ససెక్స్ మండలములో గ్లైండ్‌బోర్న్ అను పల్లెటూరి భవనము కలదు. దాని యజమానియైన జాన్ క్రిస్టీ ధనవంతుడగు భూస్వామి. ఆయన భార్య ఆడ్రీ మైల్డ్‌మే సొప్రానో గాయని. ఊరూర తిరిగి ఒపేరాలు ప్రదర్శించిన కార్ల్ రోజా సంఘములో పాడిన యామె. దంపతులు తమ యింటి ప్రక్కనే సుమారు 300 ఆసనములుగల నాటకశాలను కట్టించి, 1934 మే 28వ తేదీన మొత్సార్టు రచించిన ఒపేరాతో దానిని ప్రారంభించిరి. పెద్ద నగరమునకు వెలుపల ఇట్టి ప్రయత్నము సాగునా యని పలువురు సందేహించిరి. అయినను అది సాగినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ శాల మూతపడినది. లండను నుండి తరలింపబడిన పసిపిల్లలకు ఆ భవనము ఆశ్రయమైనది. యుద్ధము ముగిసిన మరుసటి యేడు, 1946 జూలై 12వ తేదీన, తలుపులు మరల తెరచినప్పుడు అచట ప్రదర్శింపబడినది బెంజమిన్ బ్రిటెన్ రచించిన నూతన ఒపేరా.

ఇతివృత్తము ప్రాచీన రోమకులది. లుక్రీషియా యను పతివ్రత రాజపుత్రుడైన టార్క్వీనియసు దౌర్జన్యమునకు గురియై, ఆ యవమానమును సహింపలేక ప్రాణత్యాగము చేయుటయు, దానివలన రోమకులు రాజవంశముపై తిరుగబడుటయు ఇందలి కథ. ఫ్రెంచి నాటకమొకటి ఆధారముగా రోనాల్డ్ డంకన్ ఆంగ్లమున దీనికి పదరచన చేసెను. మన నాటకములలో సూత్రధారునివలె కథను వ్యాఖ్యానించుచు ఒక పురుషుడు, ఒక స్త్రీ రంగస్థలముపై నుందురు.

యుద్ధానంతరము ధనము, సామగ్రి కరువైన కాలమది. బ్రిటెన్ ఆ కరువునే నియమముగా గ్రహించి, ఎనమండుగురు గాయకులు, పన్నెండుగురు వాద్యకారులు చాలునట్లు రచన చేసెను. గొప్ప ఒపేరాలకు గాయకబృందముతోగూడ నూరుగురికి మించి కావలసియుండగా, ఇది రైలులో ఊరూర తీసికొనిపోదగిన ఒపేరా. కాని ప్రతిదినము ప్రదర్శింపదలచుటచేత ఒక్కజట్టు చాలదు. అట్టి పాత్రలను అనుదినము పాడినచో గొంతు దెబ్బతినును. కావున ప్రతిపాత్రకును ఇద్దరేసి గాయకుల నియమించి రెండు జట్లు కూర్చిరి. ఒక జట్టున లుక్రీషియా కేథలీన్ ఫెర్రియర్, రెండవ జట్టున నాన్సీ ఎవాన్స్.

కేథలీన్ ఫెర్రియర్ 1912 ఏప్రిల్ 22న లాంకషైరు మండలములోని హయ్యర్ వాల్టన్ అను గ్రామమున జన్మించినది. తండ్రి గ్రామపాఠశాల ప్రధానోపాధ్యాయుడు. బాల్యమున పియానో చక్కగా నేర్చినది. కాని ఇంటి స్థితిగతులు సంగీతకళాశాలకు పంపుటకు సహకరింపకపోవుటచే, పదునాలుగవ యేట చదువు మాని, బ్లాక్‌బర్న్ పట్టణపు టెలిఫోను కార్యాలయములో పనికి కుదిరినది. వచ్చిన పిలుపులను కలుపుటయే ఆమె యుద్యోగము. తీరిక వేళలందు పియానో సాధన చేసి పోటీలలో బహుమతులు గెలుచుచుండెను. 1937వ సంవత్సరమున కార్లైల్ సంగీతోత్సవమున పియానో పోటీకి పేరిచ్చినప్పుడు, పాటపోటీలో నిలువజాలవని భర్త ఒక షిల్లింగు పందెము కాసెను. ఆమె రెండు పోటీలలోను నెగ్గినది. అప్పటికామెకు సుమారు ఇరువదియైదేండ్లు. అంతవరకు తన గొంతు తన జీవికకు పనికివచ్చునని ఆమె తలపనేలేదు!

యుద్ధకాలమున ప్రభుత్వసహాయముతో నేర్పడిన కళాప్రోత్సాహక మండలి గాయకులను కర్మాగారములకు, గనుల పల్లెలకు, దేవాలయములకు పంపుచుండెను. ఫెర్రియర్ అట్లు ఊరూర తిరిగి పాడినది. 1942లో లండనుకు మకాము మార్చి, రాయ్ హెండర్సన్ అను గాయకునియొద్ద శిక్షణము పొందినది. టెలిఫోను కార్యాలయము విడిచి ఏండ్లు గడచినను శిష్యరికము ముగియలేదని గమనింపుడు. 1943 మే నెలలో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆమె పాడగా బ్రిటెన్ విన్నాడు. మూడేండ్ల తరువాత లుక్రీషియా పాత్రకు ఆమెనే ఎన్నుకొనెను. అంతకుముందు ఆమె ఒపేరా రంగస్థలమున నటింపలేదు. చేతులను ఎట్లు కదల్పవలెనో తెలియక తొట్రుపడినది. ఒక తావున హెచ్చుస్వరము తనకు అందునో అందదో యని భయపడగా, బ్రిటెన్ దానికి బదులు తగ్గుస్వరమొకటి వ్రాసియిచ్చెను. అనంతరము ధైర్యము చిక్కి, ఆమె మొదటి హెచ్చుస్వరమునే పాడినది. ఉత్తమ గురువులు శిష్యుల భయమును పరిహసింపక దారి చూపుట కిది నిదర్శనము.

మిగిలిన గాయకులు వచ్చిన దారులును విచిత్రములే. లుక్రీషియా భర్తగా పాడిన బాస్ గాయకుడు ఓవెన్ బ్రానిగన్ ఉత్తరాన నార్తంబర్లండు మండలమున ఆనిట్స్‌ఫర్డ్ అను గని గ్రామమున 1908లో జన్మించిన వడ్రంగి. పగలు చిత్రిక పట్టి, సాయంకాలములందు లండనులోని గిల్డ్‌హాల్ సంగీతపాఠశాలలో పాట నేర్చి, యుద్ధకాలమున శాడ్లర్స్ వెల్స్ ఒపేరా సంఘమున చేరెను. దుష్టరాజపుత్రుని పాత్ర ధరించిన బారిటోన్ గాయకుడు ఒటకార్ క్రౌస్ 1909లో ప్రాగ్ నగరమున జన్మించి, స్వదేశమున పేరుగాంచుచుండగా నాజీల ఆక్రమణము కారణముగా ఇంగ్లండుకు శరణాగతుడై వచ్చినవాడు. పరభాషలో పాడి మరల మొదటినుండి పేరు సంపాదింపవలసిన దుర్దశ ఆయనది. స్త్రీ సూత్రధారిగా పాడిన జోన్ క్రాస్ 1920-30 నడుమ లండనులో గాయకబృందమున ఒకతెగా చేరి, క్రమముగా ప్రధానగాయనియై, 1943లో శాడ్లర్స్ వెల్స్ సంఘమునకు నిర్వాహకురాలైనది. యుద్ధకాలమున తమ నాటకశాల ఇండ్లు కోల్పోయినవారికి నివాసము కాగా, చిన్నబృందముతో ఊరూర తిరిగి ఆ సంఘమును బ్రతికించినవారిలో ఆమె ముఖ్యురాలు. పురుష సూత్రధారియైన టెనార్ పీటర్ పియర్స్ రేడియో గాయకబృందమునుండి వచ్చినవాడు.

రెండవ జట్టున ఆ పాత్రను పాడిన టెనార్ ఆక్సెల్ షోట్స్ డెన్మార్కు దేశీయుడు, వృత్తిచే పాఠశాలోపాధ్యాయుడు. ముప్పదియేండ్లు దాటినపిదప 1938లో బడి విడిచి పాటను వృత్తిగా చేపట్టెను. జర్మనులు తన దేశము నాక్రమించిన కాలమున, స్వభాషలోని పాటలను స్వజనులకు పాడి వారి కెంతయో ధైర్యము కల్పించెను.

ఒక్క విషయమును ఇచట నొక్కి చెప్పవలెను. ఈ ఇంగ్లీషు గాయకులకు గొంతును, సాధనయు ముందునుండియు కలవు. కాని అంతకు పూర్వము గొప్ప ఒపేరా యన్నచో ఇటాలియను, జర్మను భాషలదే యను భావము ఆ దేశమున ప్రబలి యుండెను. గ్లైండ్‌బోర్న్‌లో సైతము యుద్ధపూర్వము ఆ భాషలలోనే పాడిరి. లిలియన్ బేలిస్ అను మహిళ లండనులో సామాన్యజనుల కొరకు తక్కువ రుసుమునకు, ఇంగ్లీషులోనే ఒపేరాలు ప్రదర్శింపజేసి ఈ భావమును మొదట కదల్చెను. జోన్ క్రాస్ ఆమె నీడన పెరిగిన గాయని. 1945 జూన్ 7న శాడ్లర్స్ వెల్స్ శాలలో బ్రిటెన్ ఇంగ్లీషు ఒపేరా 'పీటర్ గ్రైమ్స్' వెలువడగా, క్రాస్, పియర్స్, బ్రానిగన్ మువ్వురును అందు పాడిరి. అనగా స్వభాషలో రచన, దానిని నిలుపు వేదిక, పాడగల కంఠము, ఈ మూడును కలిసినప్పుడే వారికి వృత్తి యేర్పడినది. కంఠమొక్కటే యున్నచో ఫెర్రియర్ టెలిఫోను కార్యాలయమునను, బ్రానిగన్ వడ్రంగిశాలలోను మిగిలిపోయెడివారేమో!

అట్లని వారికి డబ్బు రాశులుగా వచ్చినదని తలంపవలదు. గ్లైండ్‌బోర్న్‌లో ప్రదర్శనములైన పిదప ఈ ఒపేరాను మాంచెస్టరు, లివర్‌పూలు, ఎడింబరో, గ్లాస్గో నగరములకు తీసికొనిపోయిరి. క్రొత్త రచన యగుటచేత పలుచోట్ల శాలలు నిండలేదు. నష్టమును క్రిస్టీ భరించెను. అటుపిమ్మట లండనులోను, హాలండు దేశమునను ప్రదర్శించిరి. నష్టమును జూచి క్రిస్టీ వెనుదీయగా, బ్రిటెన్ తన మిత్రులతో గూడి 1947లో ఇంగ్లీష్ ఒపేరా గ్రూప్ అను సంఘమును స్థాపించెను. మరుసటి యేడు ఆల్డ్‌బరో అను సముద్రతీరపు చిన్న యూరిలో వార్షిక సంగీతోత్సవము నారంభించిరి. ఆ యుత్సవము నేటికిని జరుగుచున్నది.

ఒపేరా గాయకుడు ఒపేరావలననే జీవించుట అరుదు. ఫెర్రియర్ జీవిక ప్రధానముగా కచేరీలు, భక్తిసంగీత సభలు, రేడియో, గ్రామఫోను రికార్డులవలన గడచినది. రంగస్థలముపై ఆమె ధరించిన ఒపేరా పాత్రలు రెండే: లుక్రీషియా, ఆర్ఫియసు. చనిపోయిన భార్యను పాటతో యమలోకమునుండి మరల తెచ్చుకొనబోయిన గ్రీకు గాయకుని కథ రెండవది. ఆ పాత్రను 1947లో గ్లైండ్‌బోర్న్‌లో ఇటాలియను భాషలో పాడినది. 1953లో లండనులోని కోవెంట్ గార్డెన్ శాలలో తన భాషయైన ఇంగ్లీషులో పాడినది. అప్పటికి రెండేండ్లుగా ఆమె రాచపుండు వ్యాధితో బాధపడుచుండెను. నాలుగు ప్రదర్శనములు జరుగవలసియుండగా, ఫిబ్రవరి 6న జరిగిన రెండవ ప్రదర్శనమున వ్యాధిచే బలహీనమైన తొడయెముక విరిగినది. ఆమె కదలలేకయు నిలిచి, చివరి స్వరమువరకు పాడి ముగించినది. సభలోని పలువురకు జరిగినది తెలియదు. అదియే ఆమె కడపటి ప్రదర్శనము. 1953 అక్టోబరు 8న, నలువదియొకటవ యేట, ఆమె మరణించినది. ఆమె పేరిట యువగాయకులకు పోటీ బహుమతు లేర్పడినవి.

ఆక్సెల్ షోట్స్‌కు కలిగిన కష్టము వేరు విధమైనది. 1946వ సంవత్సరమందే ఆయన తలలోని కంతికి శస్త్రచికిత్స జరుగగా ముఖమున ఒక ప్రక్క చచ్చుపడినది. టెనార్ గాయకునకు పెదవి కదలనిచో ఇక నేమి మిగులును? ఆయన మాట పలుకుటయు పాట పాడుటయు మొదటినుండి నేర్చుకొని, 1948లో మరల సభ కెక్కెను. కాలక్రమమున హెచ్చుస్థాయిని విడిచి బారిటోన్‌గా పాడెను. తరువాత అమెరికా, కెనడా దేశముల విశ్వవిద్యాలయములలో సంగీతోపాధ్యాయుడై, గానకళనుగూర్చి గ్రంథము వ్రాసెను. బడి విడిచి రంగస్థలమునకు పోయిన ఉపాధ్యాయుడు మరల బడికే వచ్చెను; కాని వట్టిచేతులతో రాలేదు.

జోన్ క్రాస్ 1948లో సహచరితో కలిసి ఒపేరా శిక్షణశాల స్థాపించి, తనకు ఎవరును నేర్పని నటనమును యువజనులకు నేర్పెను. క్రౌస్ కోవెంట్ గార్డెన్‌లో ఏండ్లపాటు పాడి, పిదప గురువై ప్రఖ్యాతులైన బాస్ గాయకులను తీర్చిదిద్దెను. నాన్సీ ఎవాన్స్ వార్ధక్యమున ఆల్డ్‌బరో సమీపమున యువగాయకులకు విద్య గరపెను. బ్రానిగన్ కొరకు బ్రిటెన్ 1958లో నోవా పాత్రను, 1960లో షేక్స్‌పియరు నాటకములోని నేతగాడు బాటమ్ పాత్రను రచించెను. ఆయన తన మండలపు జానపదగేయములను రికార్డులకు పాడి, 1973లో తాను పుట్టిన ఆనిట్స్‌ఫర్డ్‌లోనే కన్నుమూసెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. పాట కూడు పెట్టును. కాని ఒక్క గిన్నెలో పెట్టదు. కొంత కచేరీలనుండి, కొంత రేడియోనుండి, కొంత బోధననుండి వచ్చును. మొదట పదియేండ్లు మరియొక వృత్తి దానిని పోషింపవలెను. తుదకు అది శిష్యులరూపమున మిగులవలెను. నడుమ గొంతు సాగు కాలము పరిమితము. ఈ లెక్క తెలిసి దిగినవారికి నిరాశ తక్కువ.

మన బళ్ళారికిని ఈ చరిత్ర యపరిచితము గాదు. ఈ యూరిలో సరసవినోదినీ సభను నెలకొల్పి తెలుగు నాటకములలో పాటలను ప్రవేశపెట్టిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు న్యాయవాది. దేశదేశముల ఖ్యాతి గాంచిన బళ్ళారి రాఘవగారును న్యాయవాదియే. కోర్టుపని వారి కుటుంబములను పోషించినది; వారు నాటకమును పోషించిరి. సురభి కుటుంబములవారు మాత్రము రంగస్థలమునే జీవికగా జేసికొని తరతరములుగా ఊరూర తిరిగిరి. రెండు దారులును గౌరవనీయములే.

కాని కన్నడదేశమున నున్న మనకు, ఫెర్రియర్ కథలో మరియొక పాఠము కలదు. గొంతుగల పిల్లలు ప్రతి తరమునందును పుట్టుచునే యుందురు. వారికి స్వభాషలో పాడుటకొక పద్యము, నిలుచుటకొక వేదిక, వినుటకొక సభ లేనిచో ఆ గొంతు పుట్టినట్లు ఎవరికిని తెలియదు. వేదిక గొప్పది కానక్కరలేదు. ఇంటి ప్రక్కనున్న శాలలో ఎనమండుగురు గాయకులతో పని మొదలైనదిగదా! మన పాఠశాల మండువాలో ఏటేట వేయు నాటకము అట్టి వేదికయే. వచ్చు వార్షికోత్సవమున పద్యము పాడబోవు బాలికను, "పాట కూడు పెట్టునా?" యని యడుగుటకు ముందు, పెద్దలు ఆమెకు ఆ పద్యముయొక్క అర్థమును, శ్రుతిని, ఊపిరి పట్టుటను నేర్పింతురుగాక. ఆమె టెలిఫోను కార్యాలయమునకు పోయినను, న్యాయస్థానమునకు పోయినను, నేర్చినది ఆమెతోనే యుండును.